శ్రవణ గోష్ఠి

మంచి పాట విన్నవానికి వెంటనే కలిగే కోరిక, దానిని మరొకరికి వినిపించాలని. మంచి పుస్తకం చదివినవాడు రెండు రోజులైనా ఆ సంగతి తనలో దాచుకోగలడు. పాట విన్నవాడు దాచుకోలేడు. వంటింట్లో ఉన్నవారిని సైతం "ఒక్కసారి ఇలా వచ్చి ఇది వినండి" అని కేక వేస్తాడు. వారు చేతిలోని గరిటెతోనే వచ్చి, గుమ్మంలో నిలబడి, సగం విని, "బాగుంది" అని వెళ్లిపోతే అతని మనసు చివుక్కుమంటుంది. అతడు కోరింది ఆ మాట కాదు. ఎక్కడ బాగుందో, ఏ మలుపు దగ్గర ప్రాణం లేచివచ్చిందో చెప్పగలిగే తోడు అతనికి కావాలి.

విజయనగరంలో లెక్కల ఉపాధ్యాయునిగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఇంటి ముందుగదిలో అటువంటి తోడు కోసమే ప్రతి ఆదివారం సాయంత్రం కొందరు చేరతారు. ముప్పై ఏళ్లకు పైబడిన అలవాటు ఇది. ఆ ఊరికి ఇదేమంత వింత కాదు. 1919లో మహారాజావారి సంగీత కళాశాల వెలసిన ఊరది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ ఫిడేలు నేర్పారు. ఘంటసాల, పి. సుశీల అక్కడ చదువుకున్నవారే. అటువంటి ఊళ్లో కిళ్లీకొట్టు దగ్గర నిలబడినవాడు కూడా ఎవరో శ్రుతి తప్పారని ధైర్యంగా ఆక్షేపిస్తాడు. అతనికి శ్రుతిజ్ఞానం ఉన్నదా లేదా అన్నది వేరే సంగతి.

మాస్టారికి సంగీతం రాదు. ఒక్క స్వరం పాడలేరు. ఆ గోష్ఠికి మూలస్తంభం వంటి మరొక పెద్దమనిషి తపాలా శాఖలో పనిచేసి విరమించినవారు. ఆయనకూ రాదు. అయితే ఆయన తండ్రిగారు రెండు భోషాణాల నిండా గ్రామఫోను రికార్డులు వదిలి వెళ్లారు. ఇరువురికీ బంధుత్వం ఏదీ లేకపోయినా ఒకరినొకరు "బావగారూ" అని పిలుచుకుంటారు. మూడవ వ్యక్తి బ్యాంకు ఉద్యోగిని. చిన్నతనంలో ఏడేళ్లు వీణ నేర్చుకుని, వివాహమైన తరువాత దానిని గవిసెనలో పెట్టి అటక ఎక్కించినావిడ. నాలుగవవాడు ఇంజనీరింగు చదువుతున్న కుర్రవాడు. రికార్డు తిరుగుతుంటే చూడాలన్న వేడుకతో ఒకసారి వచ్చి, ఆ తరువాత మానలేకపోయాడు.

గోష్ఠికి కొన్ని నియమాలున్నాయి. వారానికి ఒకరు, ఆ వారమంతా తమను వదలని ఆల్బం ఒకటి తెచ్చి ఒకవైపు మాత్రమే వినిపించాలి. వినేటప్పుడు మాట్లాడకూడదు. కాఫీ కూడా తరువాతనే. విన్నాక ప్రతివారూ తాము విన్నదేమిటో చెప్పాలి, తమకు తెలిసినదేమిటో కాదు. ఈ చివరి నియమం మాస్టారు పెట్టినది. "రాగం పేరు చెప్పడం తెలిసినదానిలోకి వస్తుంది బావగారూ, విన్నదానిలోకి రాదు" అనేవారు. తపాలా బావగారు ఈ నియమాన్ని ఒప్పుకోలేదు, పాటించనూ లేదు. రాగం పేరు, కృతి పేరు, విద్వాంసుల గురుపరంపర ఏకరువు పెట్టి, చివరికి "మిగిలినది మీరే చెప్పండి" అనేవారు.

ఆల్బం అన్న మాటకు అర్థం ఆ ఇంట్లో కంటికి కనిపిస్తుంది. బావగారి భోషాణాల్లో పుస్తకంలాగా అట్టలు కట్టిన సంచికలు కొన్ని ఉన్నాయి. ఒక్కొక్క పుటలో ఒక్కొక్క రికార్డు దూర్చి ఉంటుంది. ఫోటోలు దాచుకునే ఆల్బం వంటిదే అది. పాటల సమూహానికి ఆ పేరు అలా వచ్చింది. నాటి రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. పది అంగుళాల పళ్లెంలో ఒకవైపు మూడు నిమిషాల పాట పట్టేది. పెద్ద రచన ఏదైనా వినాలంటే మూడు నాలుగు రికార్డులు కావలసివచ్చేవి, వాటిని ఒకచోట ఉంచడానికి ఈ సంచిక. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డు తెచ్చిన తరువాత ఆ పాటలన్నీ ఒక్క పళ్లెంలోకి వచ్చాయి. సంచిక పోయినా పేరు మిగిలిపోయింది. కాసెట్టుకూ, కాంపాక్ట్ డిస్కుకూ, నేడు చేతికి తగిలే వస్తువే లేని పాటల వరుసకూ అదే పేరు.

78 చుట్ల రికార్డుకు ముఖ్యమైన ముడిసరకు లక్క. లక్కపురుగులు చెట్లకొమ్మలపై వదిలే జిగురు అది. ప్రపంచానికి దానిని ప్రధానంగా అందించినది భారతదేశపు అడవులే. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలను ముద్రించి తేవడానికి అచ్చులు జర్మనీలోని హనోవర్‌కు వెళ్లాయి. పాట చివర ఆమె తన పేరు తానే చెప్పుకోవడం ఆ రికార్డులలో వినిపిస్తుంది. దూరదేశంలో ముద్రించేవారికి గాయని ఎవరో తెలియాలి గదా! మన అడవిలోని జిగురు, మన గొంతులోని పాట సముద్రం దాటిపోయి ఒకటై తిరిగి వచ్చేవన్నమాట. ఈ సంగతి చెప్పేటప్పుడు బావగారి కంఠం ఎంత మురిసిపోతుందంటే, ఆ ఓడలో ఆయన కూడా వెళ్లివచ్చారేమో అనిపిస్తుంది.

లక్క రికార్డు చేయి జారితే పెంకులైపోతుంది. అందుకే బావగారు తండ్రిగారి రికార్డులను చాలాకాలం ఇల్లు దాటించలేదు. ఒకనాడు మాత్రం ద్వారం వారి ఫిడేలు రికార్డు ఒకటి తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చారు. కొత్త ముల్లు బిగించి వేశారు. మూడు నిమిషాల్లో అయిపోయింది. నియమం ప్రకారం అందరికంటె చిన్నవాడు ముందు చెప్పాలి.

"నాకు వాన చప్పుడు ఎక్కువ వినిపించింది మాస్టారండీ" అన్నాడు కుర్రవాడు భయపడుతూనే.

రేకుల కప్పుపై సన్నని జల్లు పడినట్టుండే ఆ అరుగుదల చప్పుడుకు ఎవరూ నవ్వలేదు. విన్నదే చెప్పాడు గదా! బ్యాంకు ఉద్యోగిని, కమాను ఒక దిక్కునుంచి మరొక దిక్కుకు ఎప్పుడు తిరిగిందో తనకు పట్టుబడలేదన్నది. అంత పొడుగు ఊపిరి మనిషికి ఉండదని, ఫిడేలుకే ఉంటుందని అన్నది. మాస్టారు కొంతసేపు ఊరుకుని, "మూడు నిమిషాలే ఉన్నాయని ఆయనకు తెలుసు. అయినా మొదటి అరనిమిషం గంటసేపు తనదే అన్నట్టు మొదలుపెట్టారు. తొందరంతా మనదే" అన్నారు. రికార్డు మళ్లీ వేశారు. ఈసారి కుర్రవానికి వాన చప్పుడు వెనక్కు పోయి, కమాను ముందుకు వచ్చింది. రికార్డు మారలేదు. మధ్యలో ఇద్దరు చెప్పిన రెండు మాటలు అతని చెవిని మార్చాయి.

అన్ని ఆదివారాలూ ఇలా సామరస్యంగా జరిగాయని అనుకోకూడదు. ఇళయరాజా 1986లో చేసిన 'హౌ టు నేమ్ ఇట్' కాసెట్టు మాస్టారు తెచ్చిన రోజున పెద్ద వాదమే జరిగింది. పాట లేని వాద్యసంగీతం అది. వి.ఎస్. నరసింహన్ ఫిడేలు అందులో ప్రధానం. త్యాగరాజస్వామికీ, జర్మన్ స్వరకర్త బాఖ్‌కూ కలిపి అంకితమిచ్చిన ఆల్బం. "ఒక్క ఫిడేలు చాలు రాగానికి. చుట్టూ ఇంత బలగం దేనికి?" అని బావగారు లేచిపోయారు. మూడు ఆదివారాలు రాలేదు. నాలుగవ ఆదివారం వచ్చి, కూర్చోకుండానే "ఆ కాసెట్టు ఒకసారి ఇస్తారా?" అన్నారు. ఇంటికి తీసుకుపోయి నెలరోజులు ఉంచుకున్నారు. తిరిగి ఇచ్చేటప్పుడు అభిప్రాయమేమీ చెప్పలేదు. మాస్టారు అడగనూలేదు. అటువంటి చోట అడగకపోవడమే స్నేహం.

బ్యాంకు ఉద్యోగిని ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 'బాలాజీ పంచరత్నమాల' తెచ్చినప్పుడు మరొక రకమైన చర్చ జరిగింది. అన్నమాచార్యుల కీర్తనలు వింటూ ఆ వరుసలు కూడా పదిహేనవ శతాబ్దం నాటివే అని కుర్రవాడు నమ్ముతున్నాడు. తిరుమల ఆలయంలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగాల పేర్లు ఉన్నాయి, స్వరాలు లేవు. ఆ సాహిత్యానికి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైన పెద్దలు ఇరవయ్యవ శతాబ్దంలో వరుసలు కట్టారు. తామే వరుసలు కట్టిన కీర్తనలను సుబ్బులక్ష్మికి నేర్పిన నేదునూరి కృష్ణమూర్తి, విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవారే. ఈ మాట విన్నాక కుర్రవాని ముఖం చిన్నబోయింది, ఎవరో తనను మోసం చేసినట్టుగా. బావగారు తమకు తెలిసినదంతా చెప్పి అలసిపోయాక, బ్యాంకు ఉద్యోగిని మెల్లగా, "అయిదు వందల ఏళ్లు మాటలు మౌనంగా కూర్చుని ఉన్నాయి బాబూ. వాటికి గొంతు దొరికిన రోజులకు దగ్గరలోనే మనమూ పుట్టాం. తక్కువ అదృష్టమా?" అన్నది. ఆ వారంలోనే ఆవిడ అటక మీది వీణను దింపించినట్టు తరువాత తెలిసింది.

కుర్రవాడు హైదరాబాదు వెళ్లినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం జరిగే పాతపుస్తకాల బజారులో, పుస్తకాల మధ్య ఒక లాంగ్ ప్లే రికార్డు దొరికింది. 1967లో వెలువడిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' అది. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారు. కాశ్మీరు లోయలో ఒక పశులకాపరి జీవితంలో ఒక రోజు, వేకువనుంచి రాత్రి దాకా, ఆయా వేళలకు తగిన రాగాలలో సాగుతుంది. విడివిడి పాటలను ఒకచోట చేర్చిన సంచిక కాదది. మొదటినుంచి చివరిదాకా ఒకే కథ. ఆల్బం అన్న మాట తన పాత అర్థాన్ని దాటిపోయిన చోటు అదే అనవచ్చు. సంతూర్ కాశ్మీరు జానపద వాద్యం. దానికి నూరు దాకా తంత్రులు. చిన్న కర్రలతో మీటుతారు. శాస్త్రీయ సంగీతవేదికపై దానికి చోటు సంపాదించినవారు శివకుమార్ శర్మ.

కుర్రవాడు తన తొలి సొంత రికార్డును గర్వంగా వేశాడు. ఒకవైపు పూర్తయ్యాక అతడే ముందు చెప్పాడు. "కర్ర తగిలిన తరువాత కూడా ఒక వెండిపొడి లాంటిది గాలిలో ఉండిపోతుంది మాస్టారండీ. వేణువు వచ్చేదాకా అది రాలుతూనే ఉంటుంది." బ్యాంకు ఉద్యోగిని తల ఊపింది. వేకువజామున మంచు రాలినట్టున్నదన్నది. మాస్టారి వంతు వచ్చింది.

"వేణువు అమృతం. సంతూరే ఎందుకో నాకు అందలేదు. చెక్క మీద పుల్లతో కొట్టినట్టుంది. వెండిపొడి ఏదీ వినబడలేదు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు బావగారు గొంతు సవరించుకుని, "రికార్డు పాతదికదా బావగారూ, అరిగిపోయింది. నాకూ సరిగా వినబడలేదు" అన్నారు.

ఆ ఒక్క మాటతో మాస్టారికి సంగతి అర్థమయింది. ముప్పై ఏళ్లలో బావగారు తన అభిప్రాయాన్ని ఒక్కనాడూ వాదించకుండా వదిలిపెట్టలేదు. అటువంటి మనిషి నేడు జాలిపడి అబద్ధమాడుతున్నాడంటే, లోపం రికార్డులో లేదు. మనుమరాలి మాటలు తెలియక రెండుసార్లు అడగడం, వంటింట్లో కుక్కరు కూత వినబడకపోవడం, గడియారం ఆగిపోయిందని కీ ఇవ్వబోవడం అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తుకొచ్చాయి.

చెవి వైద్యుడు పరీక్ష చేసి ఒక గీతపటం చేతిలో పెట్టాడు. లెక్కల మాస్టారికి గీతపటం చదవడం ఎవరూ నేర్పనక్కరలేదు. ఎడమవైపు చదునుగా నడిచిన గీత, హెచ్చుస్థాయి ధ్వనుల దగ్గరకు వచ్చేసరికి కొండచరియలా దిగిపోయింది. లోచెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే భాగంలో ధ్వనిని గ్రహించే సున్నితమైన కణాలుంటాయి. హెచ్చుస్థాయి ధ్వనులను పట్టేవి దాని ముఖద్వారం దగ్గరనే ఉంటాయి. వయసుతో మొదట దెబ్బతినేవి అవే. ఒకసారి పోయిన కణాలు తిరిగి పుట్టవు. మందర ధ్వనులు పదిలంగా ఉంటాయి కనుక వినికిడి తగ్గినట్టు మనిషికి చాలాకాలం తెలియదు. ఎదుటివారే సరిగా మాట్లాడడం లేదనుకుంటాడు. సంతూర్ దెబ్బలోని మొరటు భాగం మాస్టారిని చేరుతోంది. దాని పైన తేలే సన్నని మెరుపు చేరడం లేదు.

వినికిడి యంత్రం పెట్టుకున్నారు. మాటలు తేటపడ్డాయి. ఆ యంత్రాలు ముఖ్యంగా మాటల కోసం చేసినవి. సంగీతం మాత్రం రేకుడబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుగా వచ్చింది. మాస్టారు రికార్డు ప్లేయరుపై దుప్పటి కప్పారు. వచ్చినవారికి కాఫీ ఇచ్చి, ఊరి సంగతులు మాట్లాడి పంపేవారు. నెల గడిచేసరికి రావడం కూడా తగ్గింది. నష్టం తనదొక్కడిదే అని ఆయన అనుకుంటున్నారు.

ఒక ఆదివారం బావగారు మళ్లీ ఆ తువ్వాలు మూటతో వచ్చారు. అడగకుండానే దుప్పటి తీసి, ద్వారం వారి రికార్డు వేశారు. అది ముగిసిన తరువాత, "నాకు ఇందులో రాగం తెలుసు, కాలం తెలుసు. ఎక్కడ బాగుందో మాత్రం ఇన్నేళ్లూ మీరు చెబితేనే తెలిసింది. ఇప్పుడు మీరు ఊరుకుంటే నేనెవరి దగ్గరకు పోవాలి బావగారూ?" అన్నారు. మాస్టారు యంత్రం తీసి జేబులో పెట్టుకుని, "మళ్లీ వేయండి" అన్నారు.

నాటినుంచి గోష్ఠి మరొక రీతిలో సాగింది. "బాగుంది" అన్న మాట నిషిద్ధం. పై స్థాయిలో జరిగినదంతా మిగిలినవారు మాస్టారికి చెప్పాలి. ఏ క్షణాన, ఎంతసేపు, దేనిలాగా అన్నది స్పష్టంగా చెప్పాలి. ఇది చూడడానికి సులువు, చేయడానికి కష్టం. కుర్రవాడు మొదట్లో 'వెండిపొడి' దగ్గరే ఆగిపోయేవాడు. "ఏ వెండి? కొత్తదా, మాసినదా? పడేటప్పుడా, పడ్డాకనా?" అని మాస్టారు గుచ్చి గుచ్చి అడిగేవారు. జవాబు చెప్పడానికి అతడు మళ్లీ వినేవాడు. వినేకొద్దీ అంతకుముందు తాను విననిది బయటపడేది. బ్యాంకు ఉద్యోగిని చేతులతో గాలిలో వీణమెట్లు చూపించి, గమకం ఎంత దూరం ఊగిందో చెప్పేది.

ఎవరూ ఊహించనిది మరొకటి జరిగింది. 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' తిరిగి వేసినప్పుడు మాస్టారు చేయి పైకెత్తి ఆపించారు. "ఆ తబలా జతలో ఎడమచేతిది, డగ్గా, గమనించారా? దెబ్బ పడ్డాక మణికట్టుతో నొక్కి నాదాన్ని పైకి లాగుతున్నాడు. పావురం గొంతులా. వేణువు వాలిన ప్రతిచోటా అది ఒక మాట అంటోంది" అన్నారు. ముగ్గురూ ఆ రికార్డు ఎన్నోసార్లు విన్నారు. ముగ్గురికీ మెరుపు వినబడినది, దాని కింది నేల వినబడలేదు. ముల్లు వెనక్కు పెట్టి వేశారు. నిజమే. బావగారు ఆ సాయంత్రం రాగం పేరు చెప్పడం మరిచిపోయారు.

కుర్రవానికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. ఫోనులో పాట వినిపించడం మాస్టారి చెవులకు పనికిరాదు కనుక, తాను వింటున్న ఆల్బం గురించి ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాల ఒక వైపుకు నాలుగు పుటలు. తపాలా మనిషైన బావగారికి ఆ ఉత్తరాలంటే కలిగే ఆనందం వేరుగా చెప్పనక్కరలేదు. ముద్ర స్పష్టంగా పడిందా అని ముందుగా కవరు చూస్తారు.

మొన్న వచ్చిన ఉత్తరం మళ్లీ ఆ పశులకాపరి ఆల్బం రెండవ వైపు గురించినది. మాస్టారు రికార్డు వేసి, ఉత్తరం ఒళ్లో పెట్టుకుని, పెన్సిలుతో వెంట నడిచారు. సంతూర్ వచ్చిన చోట కుర్రవాని మాటలు చదువుతూ కళ్లు మూసుకున్నారు. మూడవ పుట మధ్యలో పెన్సిలు ఆగింది. అంచున చిన్న ప్రశ్నార్థకం వేసి, బావగారి వైపు చేయి చాచారు.

"ఇక్కడ డగ్గా సంగతి వదిలేశాడు. ఒక కార్డు ఉంటే ఇలా ఇవ్వండి."